తెర ఇవతలి కుర్చీ

పెనుగొండ మైకుసెట్టు వీరాస్వామి కూతురు వీరవేణి, చనిపోయిన తండ్రి ట్రంకుపెట్టెలోంచి ఒక స్పూలు టేపు తీసుకొచ్చి అలివేలుమంగ చేతిలో పెట్టడం దగ్గర కిందటి వారం మనం ఆగాం. అట్ట మీద వీరాస్వామి చేతిరాత: "రాజుగారి లోగిలి, నవమి పందిరి, 1969." ఆ తర్వాత ఇరవై రోజులు గడిచాయి. అలివేలుమంగ కొడుకు సాయికిరణ్ భీమవరం ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. ఆ టేపును మద్రాసు పట్టుకెళ్లి, పాత స్పూలు మిషను ఇంకా బతికున్న ఒక స్టూడియోలో తిప్పించి, వీసమెత్తు పోకుండా కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చాడు. పాట ఒక్కటే, పద్దెనిమిది నిమిషాలు. మనం ఫోన్లలో వినే పాటలు వంద పట్టే చోటు ఆ ఒక్కదానికే పట్టింది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఆ నవమి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఆ రోజుల్లో రాజుల లోగిళ్లలో ఆడవాళ్లకు ఘోషా. పందిట్లో కచేరీ జరిగితే మగవాళ్లు ఇవతల, ఆడవాళ్లు తెర అవతల. రాజమండ్రి నుంచి వచ్చిన విద్వాంసుడు చరణం ఎత్తుకోబోతుంటే దగ్గు ముంచుకొచ్చింది. అప్పుడు తెర అవతల నుంచి ఒక ఆడగొంతు ఆ చరణాన్ని అందుకుని, రెండు వరుసలు పాడి, ఆగిపోయింది. మైకు తెర పక్కనే ఉండటంతో కొబ్బరిచెట్లకు కట్టిన లౌడుస్పీకర్లలో ఊరు ఊరంతా ఆ గొంతు వింది. రాజుగారి ఆడవాళ్ల గొంతు పరాయి మగాళ్ల చెవిన పడింది. ఇంకేముంది, పరువు పోయింది.

ఆ లోగిట్లో సంగీతం నేర్చుకున్నది రామచంద్రపురం వైపు నుంచి ఆ ఏడే కాపురానికొచ్చిన పదిహేడేళ్ల కొత్తకోడలు అలివేలుమంగ ఒక్కతే. ఇంకెవరు పాడతారని ఎవరూ అడగను కూడా అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె హార్మోనియాన్ని బండెక్కించి పుట్టింటికి పంపేశారు. మామగారు కేకలేశారు. అత్తగారు శ్యామలాంబ మాత్రం తిట్టనూ లేదు, వెనకేసుకునీ రాలేదు. "నేను పాడలేదండి" అని అలివేలుమంగ ఏడుస్తూ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆరేళ్ల కిందట పోయిన భర్త కూడా, "పోన్లే, పాడితే పాడావులే" అనేవాడు. ఆ క్షమించడమే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక ఇవాళ్టి సంగతి.

నవమి ఇంకా పది రోజులుంది. అలివేలుమంగ బావగారు రామరాజుగారు, అంటే భర్త అన్నగారు, తండ్రి పేరు మీద ముందు హాల్లో సంగీతం గది కట్టించారు. తండ్రి చేయించిన ఆ కచేరీ పాటతోనే నవమి నాడు గది తెరవాలని ఆయన పట్టుదల. దానికి మంచి సెట్టు కావాలి. హాల్లో అటూ ఇటూ రెండు సెట్లు దిగాయి.

ఎడమవైపుది రాజమండ్రి నుంచి గణేష్‌బాబు వ్యానులో తెచ్చింది. నిలువెత్తు నల్లటి స్పీకర్లు, వాటికి తోడు ఇంకో మూడు, మూలన బియ్యం బస్తా అంత ఊఫరు. గణేష్‌బాబు మాటకారి, మనిషి చెడ్డవాడేం కాదు. ఏ సెట్టు అమ్మినా కొన్నవాళ్లు సంతోషపడాలని నిజంగానే కోరుకునే రకం.

కుడివైపుది సాయికిరణ్ విశాఖపట్నం స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది. చెక్క స్టూళ్ల మీద రెండే రెండు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు, దాని పక్కన అరచేతిలో ఇమిడే పెట్టె. సాయంత్రం రైలుకి అది తిరిగి వెళ్లిపోవాలి.

"పాట పై గదిలో నా కంప్యూటర్లో ఉందండి పెదనాన్నగారూ. ఈ తీగ మీద నడిచొచ్చి ఈ పెట్టెలోకి దిగుద్ది. అంకెల్ని మళ్లీ పాట చేసేది ఇదేనండి. మధ్యలో ఏదీ కుదించడం, కత్తిరించడం ఉండదు."

రామరాజుగారు ఆ పెట్టెను ఎగాదిగా చూశారు. "ఈ సబ్బుపెట్టా?"

"ఆయ్, అదేనండి నేనూ అనేది" అన్నాడు గణేష్‌బాబు. "బాబుగారు చదువుకున్నోరు, కాదనను. కానండి, నవమికి నలుగురు పెద్దలొస్తారు. సెట్టన్నాక కంటికి ఆనాలి కదండి. పాట రాత్రే పెన్‌డ్రైవులోకి కుదించుకున్నానండి. వినడానికి తేడా ఏం ఉండదు."

ఈ మాటలన్నీ అలివేలుమంగ వంటింటి వైపు గుమ్మానికి వేలాడే తెర వెనక చిన్న పీట మీద కూర్చుని వింటోంది. ఘోషా పోయి పాతికేళ్లయింది. ఆ ఇంటి ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీకి వెళ్తున్నారు. అయినా బావగారి ఎదుట మరదలు కూర్చోకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు అన్న నియమం మాత్రం ఆ లోగిట్లో చెక్కు చెదరలేదు. ఎవరూ పెట్టని నియమాల్ని తీసేసేవాళ్లు కూడా ఎవరూ ఉండరు. ఆమె ఏదైనా చెప్పాలంటే కొడుకుతో చెబుతుంది, ఆయన జవాబు గోడకు చెబుతారు.

నలభయ్యేళ్లు తెర వెనక కూర్చున్న మనిషికి చెవులే కళ్లవుతాయి. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడును బట్టి వచ్చింది ఎవరో, కోపంగా వచ్చారో, అప్పు కోసం వచ్చారో అలివేలుమంగ చెప్పేయగలదు. పక్క గదిలో ఎనభై మూడేళ్ల శ్యామలాంబగారు మంచం మీద ఒత్తిగిలితే కూడా ఆమెకు ఇక్కడికి తెలుస్తుంది. పెద్దావిడ మొలలో తాళంచెవుల గుత్తి ఒకటి ఇప్పటికీ ఉంది. ఇద్దరు కోడళ్లలో ఎవరికీ అప్పగించలేదు. అందులో సగం చెవులకు తలుపులే లేవు, గాదెలు తీసేసి రొయ్యల మేత గోడౌను కట్టినప్పుడే పోయాయి. అయినా గుత్తి గుత్తే.

"పదకొండింటికి కరెంటు కోత. ఈలోపు తేల్చండి" అన్నారు రామరాజుగారు. ఇన్వర్టరుకు కలిపితే స్పీకర్లలో తేనెటీగల రొదలాంటిది వస్తోందని సాయికిరణ్ పొద్దున్నే దాన్ని విడదీసి, సెట్లను నేరుగా కరెంటుకు కలిపాడు. చప్పుడు అడ్డమని ఫ్యాను కూడా ఆపించాడు. రామరాజుగారు కండువాతో విసురుకుంటూ, హాలు మధ్యలో సాయికిరణ్ కొలతేసి పెట్టిన తన పేము కుర్చీలో కూర్చున్నారు.

గణేష్‌బాబు సెట్టు ముందు మోగింది. తంబుర శ్రుతికే కిటికీ అద్దాలు గలగలలాడాయి. మృదంగం దెబ్బ పడితే అలివేలుమంగ కూర్చున్న పీట కింద నుంచి తెలిసింది. రామరాజుగారి మొహం విచ్చుకుంది. తర్వాత సాయికిరణ్ సెట్టు మోగింది. మొదటిదాని తర్వాత అది ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉంది.

"తేడా చూశారా అండి" అన్నాడు గణేష్‌బాబు.

తెర వెనక నుంచి అలివేలుమంగ గొంతు వచ్చింది. "సాయీ, పందెం కట్టేటప్పుడు ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెట్టాలని చెప్పు. ఆయనది రెట్టింపు మోగుతోంది. పెద్దగా మోగింది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. తంబుర దగ్గర ఆపి, రెండూ సమానం చెయ్యి. నేను చెబుతాను."

గణేష్‌బాబు తెర వైపు చూశాడు. ఇరవయ్యేళ్లుగా సెట్లు అమ్ముతున్నాడు. ఈ కిటుకు తెలిసిన కొనుగోలుదారు అతనికి ఇంతవరకు తగల్లేదు. "అలాగేనండి" అని వినయంగా మీట తిప్పాడు.

"ఇంకొంచెం తగ్గించమను. ఇంకా. చాలు. ఇప్పుడు విద్వాంసుడికి దగ్గొచ్చిన చోటికి వెళ్లండి."

ముందు ఎడమవైపుది. గాయకుడు చరణం ఎత్తబోయి ఆగాడు. దగ్గు. ఆ వెనక రేకు మీద వాన పడుతున్నట్టు ఒకటే గరగర. అందులో దూరంగా ఒక గొంతు. ఆడగొంతని తెలుస్తోంది, అంతకుమించి ఏమీ లేదు. నలభయ్యేళ్లుగా అందరూ విన్నది అదే. అది ఎవరి గొంతని చెప్పినా సరిపోతుంది.

తర్వాత కుడివైపుది. దగ్గు. ఈసారి ఆ గరగర ముద్దగా లేదు, విడిపోయింది. పందిట్లో జనం గొణుగుడు వేరే అయింది, తాటాకు పందిరికి గాలి తగలడం వేరే అయింది. వాటన్నిటి కంటే దగ్గరగా, గొంతు ఎత్తుకోవడానికి ముందే, ఏదో సన్నగా జల్లుమంది. కాసేపాగి మళ్లీ. ఇంకోసారి. మృదంగం ఎక్కడ పడుతోందో సరిగ్గా అక్కడ.

అలివేలుమంగ వెన్ను నిటారుగా అయింది. ఆ చప్పుడు తనకు తెలుసు. ఎక్కడిదో అందడం లేదు. తెర గుడ్డ, గుమ్మం, గోడ మూల, ఇవన్నీ ఆ సన్నటి చప్పుడును సగం తాగేస్తున్నాయి. ఇక్కడ కూర్చుంటే ఈ జన్మకి తెలియదు.

హాల్లో రామరాజుగారు లేచి ఒళ్లు విరుచుకున్నారు. ఆయన ఎడమ చెవి చెరువుల గట్ల మీద ఆయిలింజన్ల దగ్గరే ఎప్పుడో పోయింది. "రెండూ ఒకలాగే ఉన్నాయి. పెద్దదే ఉంచండి గణేష్‌బాబూ. ఒక్క పని చెయ్యాలి. ఆ దగ్గు దగ్గర్నుంచి ఆడగొంతు ముక్క ఉంది చూశారూ, అది తీసేయాలి. మా నాన్నగారి పేరున పెట్టే పాటలో ఆ మచ్చ ఉండకూడదు."

"ఎంతపనండి. తీసేసి అతికించేస్తాను. కోసినట్టు తెలీను కూడా తెలీదండి."

"పెదనాన్నగారండి..." అని సాయికిరణ్ ఏదో అనబోయాడు.

"మీ అమ్మగారి మంచికే చెబుతున్నాను బాబూ. పాత సంగతి. పోన్లే అని ఎప్పుడో వదిలేశాం."

పోన్లే. మళ్లీ అదే మాట. అలివేలుమంగకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఆ మంట లోపలికే మింగింది. ఇవాళ మింగుడుపడలేదు. ఆ ముక్క కోసేస్తే తన తరఫున సాక్ష్యం చెప్పేది ఈ ఇంట్లో ఇంకేదీ మిగలదు. పాడలేదన్న నిజం తనతోపాటే కాటికి పోతుంది.

"సాయీ" అంది. "నన్ను ఆ కుర్చీలో కూర్చుని విననివ్వమని అడుగు."

అది రామరాజుగారి కుర్చీ. అంతకు ముందు ఆయన తండ్రిది. ఆ ఇంటి ఆడవాళ్లు దాన్ని తుడుస్తారు తప్ప అందులో కూర్చోరు.

"అక్కడికి వినపడటం లేదా ఏంటి?" అన్నారు రామరాజుగారు గోడ వైపు తిరిగి.

సాయికిరణ్ తల్లి తరఫున జవాబు చెప్పాలా వద్దా అని చూస్తున్నాడు. అతనికి ఆ అవసరం రాలేదు. తెర పక్కకు జరిగింది. అలివేలుమంగ హాల్లోకి వచ్చి నిలబడింది.

"బావగారండి" అంది.

నలభయ్యేళ్లలో ఆమె ఆయన్ను నేరుగా పిలవడం అదే మొదలు. రామరాజుగారి చేతిలో కండువా ఆగిపోయింది.

"ఆ రోజు మీరందరూ తెర ఇవతల కూర్చుని విన్నారండి. విని, పాడింది నేనేనన్నారు. మీరు విన్న చోటు నుంచి నేనెప్పుడూ వినలేదు. ఈ సెట్టుకి ఆ కుర్చీయే సరైన చోటని సాయి కొలిచి పెట్టాడు. ఒక్కసారి నన్ను ఇవతల నుంచి విననివ్వండి. విన్నాక కూడా అది నా గొంతేనని మీరంటే కోయించేయండి. నేను మళ్లీ ఆ మాట ఎత్తను."

రామరాజుగారు కోపిష్ఠి. కానీ న్యాయం మాట ఎవరైనా నెమ్మదిగా చెబితే కాదనే మనిషి కాదు. పంచాయతీ తగువుల్లో కూడా అంతే. రెండో పక్షాన్ని వినకుండా ఆయన ఎప్పుడూ తీర్పు చెప్పలేదని ఊళ్లో పేరు. ఆ ఒక్క తీర్పు మాత్రం వినకుండానే చెప్పామేమోనని బహుశా మొదటిసారి ఆయనకు అనిపించింది. కుర్చీ వదిలి పక్కకు జరిగారు.

"కూర్చోండమ్మా" అన్నారు. ఈసారి గోడకు కాదు.

ఆమె వెళ్లి కూర్చుంది. పేము కిర్రుమంది. గడియారం పదకొండుకు తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

సాయికిరణ్ కుడివైపు సెట్టు మోగించాడు. అలివేలుమంగ కళ్లు మూసుకుంది. ఆ కుర్చీలో రెండు స్పీకర్లూ మాయమయ్యాయి. విద్వాంసుడు ఎదురుగా, చాప మీద, నాలుగు బారల దూరంలో కూర్చుని పాడుతున్నాడు. ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. కల్యాణి ఎంత నిండుగా పాడాడో అనుకుంది. ఆ రోజు వినలేకపోయింది. పానకం బిందెల దగ్గర, ఆడవాళ్లందరి వెనక మూలన, ఎవరి పిల్లనో ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. అందరి తలలూ ఒక్కసారి తన వైపు తిరగడం మాత్రమే గుర్తుంది.

దగ్గు వచ్చింది.

జల్లుమంది. ఇనుము మీద ఇనుము. చిన్నవీ పెద్దవీ కలిసి, బట్టలోంచి తొడ మీద పడుతున్న చప్పుడు. మళ్లీ జల్లు. లయ తప్పకుండా.

ఆ తర్వాత గొంతు. పదిహేడేళ్ల పిల్ల గొంతు కాదు. నలభై దాటిన నిండు గొంతు. ఎవరూ నేర్పకపోయినా తలుపుల వెనక నుంచి విని విని పట్టుబడిన గొంతు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్నది ఒక్క క్షణం ఆగలేక బయటపడిపోయినట్టు ఉంది. రెండు వరుసలు. ఆ వెంటనే, చేత్తో గట్టిగా పట్టేసుకున్నట్టు, జల్లుమనడం ఠక్కున ఆగింది. గొంతూ ఆగింది.

అలివేలుమంగ కళ్లు తెరిచింది. ఎవరిదో తెలిసిపోయింది. తనకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని పక్కనే ఇంకోటేదో వచ్చింది, దానికి ఆమె సిద్ధంగా లేదు. ఆ గొంతు బాగుంది. తన గొంతు కంటే బాగుంది.

"మళ్లీ వెయ్యి బాబూ" అన్నారు రామరాజుగారు. ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. మంచి చెవి స్పీకర్ల వైపు తిప్పారు. చిన్నప్పుడు అల్లరి చేస్తుంటే ఏ గది వైపు నుంచి తల్లి మొలలో గుత్తి జల్లుమంటోందో విని పారిపోయిన కొడుకు ఆయన. ఒక చెవి చాలు గుర్తుపట్టడానికి.

గణేష్‌బాబు తన సెట్టు మీట చప్పుడు కాకుండా ఆపేశాడు. అతనికి కథ తెలియదు. అయినా ఏ సెట్టు ఈ ఇంట్లో ఉండబోతోందో అతనికి అర్థమైంది. దానికేమీ బాధపడినట్టు కూడా కనిపించలేదు.

పాట మళ్లీ మొదలైంది. దగ్గు. జల్లు. గొంతు ఎత్తుకుంది. మొదటి వరుస పూర్తయింది. రెండో వరుస సగంలో ఉండగా టప్పున కరెంటు పోయింది. పెట్టె మీది పచ్చ దీపం ఆరిపోయింది. స్పీకర్లు మూగబోయాయి.

జల్లుమనడం ఆగలేదు.

సాయికిరణ్ ముందు సెట్టు వైపు చూశాడు. తీగ వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. చప్పుడు వంటింటి గుమ్మం దగ్గర్నుంచి వస్తోంది. ఇందాక అలివేలుమంగ కూర్చున్న చోట, తెర కింద, ముసలి పాదాలు రెండు కనిపిస్తున్నాయి. జల్లు, జల్లు. ఆ వెంటనే అరిగిపోయిన సన్నటి గొంతు ఒకటి, స్పీకర్లు వదిలేసిన చోట రెండో వరుసను అందుకుని, తడబడకుండా చివరి దాకా పాడింది.

అత్తగారు వస్తే అలివేలుమంగ లేచి నిలబడుతుంది. నలభయ్యేళ్లుగా అంతే, జ్వరంలో ఉన్నా అంతే. ఇవాళ ఆమె లేవలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, తల తిప్పకుండా, ఆరిపోయిన పచ్చ దీపం వైపే చూస్తూ కూర్చుంది.

"బావగారండి" అంది. "ఆ తెర తియ్యండి."